పాట కింద పేరు

దసరా సెలవులు అయిపోయి పిల్లలు హాస్టలుకు తిరిగి వచ్చిన రోజు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు, పోడు. ఏందిరా అంటే నవ్వుతాడు. చివరికి అడిగాడు: "సార్, యూట్యూబ్ల జుట్టు పెంచుకొని గిటారు కొట్టేది మీరేనా?"

నేనే అని ఒప్పుకున్నాను.

"మరి బ్యాండు ఎందుకు ఇడిసిపెట్టిన్రు సార్?"

"ఆదివారం చెప్తా, పో" అన్నాను. ఆదివారాలు మూడు పోయాయి. చెప్పలేదు. వాడికి ఊరికే తెలుసుకోవాలని కాదు, పని పడే అడిగాడు. వాడూ, వాడి ముగ్గురు దోస్తులూ ఒక డప్పు, ఒక పాత కీబోర్డు పెట్టుకొని పాటలు కడుతున్నారు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవంలో వాళ్లు పాడిన పాటకు మంచి పేరు వచ్చింది. పేరు వచ్చిన మరునాడే ఆ పాట ఎవరిదన్న పంచాయితీ మొదలైంది. ఇద్దరు ఇద్దరితో మాట్లాడడం మానేశారు. ఇట్లాంటి పంచాయితీలోనే నేను నాలుగేళ్ల స్నేహాన్ని పోగొట్టుకున్నాను. నోటితో చెప్పబోతే ఎక్కడో ఒక దగ్గర నన్ను నేను వెనకేసుకొస్తాను. అందుకే రాస్తున్నాను.

మా తండా మానుకోట దగ్గర. నేను పుట్టినప్పుడు అది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి పోయింది. ఎవరైనా మీదే జిల్లా అంటే నేను ఇప్పటికీ వరంగల్ అనే అంటాను. నోరు తిరగదు, అంతే.

మా ఇంట్లో హార్మోనియం లేదు, గిటారు లేదు. నంగారా ఒకటి తండాలో ఉండేది, అది నాయక్ ఇంట్లో వేలాడేది. కానీ పాటకు కరువు లేదు. హోలీ వస్తే లేంగీ. మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ పాడతారు. తండా బయట నిలబడి వింటే ఏ గొంతు ఎవరిదో తెలియదు. మా బా గొంతు వెతకాలని చిన్నప్పుడు చాలాసార్లు చెవులు రిక్కించి విన్నాను, దొరకలేదు. పెళ్లి వస్తే ఢావ్లో. అది పెళ్లికూతురు ఒక్కతే పాడాలి. తల్లి మెడ చుట్టూ, తండ్రి మెడ చుట్టూ, అన్నదమ్ముల మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ పాడాలి. ఏడుపులోనే రాగం ఉంటుంది, రాగంలోనే మాట ఉంటుంది. తోడు ఎవరూ ఎత్తుకోరు. బ్యాండు అంటే ఏమిటో, సోలో అంటే ఏమిటో హనుమకొండకు పోయి నేర్చుకున్నానని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. రెండూ మా తండాలోనే ఉన్నాయి.

మా నానీ పెళ్లి కాబోయే పిల్లలకు ఢావ్లో నేర్పేది. పెళ్లికి నెల ముందు నుంచి, రాత్రి పనులు అయ్యాక, ఆ పిల్ల వచ్చి నానీ మంచం పట్టె మీద కూర్చునేది. నేను అదే మంచంలో నిద్రపోయేవాణ్ణి. సగం పాట నా చెవిలో పడేది, సగం నిద్రలో పోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

2011లో డిగ్రీకి సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో చేరాను. హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర పెన్ డ్రైవ్ ఉండేది. అందులో బాబ్ మార్లీ, ఇండియన్ ఓషన్, నిర్వాణ, గద్దర్ అన్నీ ఒకే ఫోల్డరులో కలిసి ఉండేవి. నాకు ఇంగ్లీషు పాటల్లో మాటలు అర్థమయ్యేవి కావు. కానీ గొంతు చించుకొని అరిచినా అది పాటే అవుతుందని నిర్వాణ విని తెలుసుకున్నాను. రెండో ఏడు బా పత్తి అమ్మిన డబ్బుల్లోంచి 4,000 ఇచ్చాడు, ఫీజుకని. హనుమకొండ చౌరస్తాలో ఒక దుకాణంలో 3,800 పెట్టి గిటారు కొన్నాను. ఫీజు సంగతి యాడికి మాత్రమే తెలుసు. ఈ పుస్తకం బాకు చదివి వినిపించకండి.

2013లో నలుగురం కలిశాం. డ్రమ్స్ వాయించేవాడు కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లవాడు, చర్చిలో వాయిస్తూ నేర్చుకున్నాడు. బేస్ గిటారు శివనగర్ అతనిది. లీడ్ గిటారు వాయించేవాడు ఇంజనీరింగ్ చదువుతుండేవాడు, మా నలుగురిలో సంగీతం పుస్తకం చూసి చదవగలిగింది వాడొక్కడే. నేను పాడతాను, మాటలు రాస్తాను. నయీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన రూము. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాం, చప్పుడు బయటికి పోకుండా. అయినా పోయేది. ఓనరు ఆదివారం రెండింటి నుంచి అయిదింటి దాకా మాత్రమే ఒప్పుకున్నాడు. ఆ మూడు గంటల కోసం వారమంతా బతికేవాళ్లం.

మేం చేసేదాన్ని ఇండీ రాక్ అనాలని లీడ్ గిటారు అతనే చెప్పాడు. ఇండీ అంటే సినిమా కంపెనీ, క్యాసెట్ కంపెనీ దయ లేకుండా మన పాట మనమే కట్టుకొని, మనమే రికార్డు చేసుకొని, మనమే జనానికి వినిపించుకోవడం. (ఆ లెక్కన తండాలు తిరిగి పాడే మా ఢాడీలు, డోలి కొట్టి వంశకథ చెప్పే కోయ కళాకారులు ఎప్పటి నుంచో ఇండీ వాళ్లే. వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.)

మా పాటల్లో జనానికి గుర్తున్నది ఒక్కటే. గోర్ బోలీలో పాడింది. అత్తింటికి పోతున్న పిల్ల, రేపు పొద్దున పశువుల దొడ్డి తడక ఎవరు తీస్తారని అడుగుతుంది. నానీ దగ్గర విన్న ఢావ్లోలోంచి ఆ ఒక్క మాట తీసుకున్నాను. దాని చుట్టూ మిగతాది నేను అల్లాను. ప్రాక్టీసులో మొదటిసారి పాడినప్పుడు డ్రమ్స్ అతను ఏమీ అడగకుండా మెల్లగా దడదడమని రైలు పోతున్నట్టు ఒక దెబ్బ ఎత్తుకున్నాడు. క్వార్టర్లలో పుట్టినవాడు కదా, వాడికి అదే జోలపాట. దాని మీద లీడ్ గిటారు అతను ఆరు స్వరాల చిన్న ముక్క ఒకటి వాయించాడు. జనం మొదట పట్టుకున్నది ఆ ముక్కనే. భాష తెలియనివాళ్లు కూడా నోటితో ఆ ఆరు స్వరాలు అనేవాళ్లు.

2015లో ఒక కాలేజీ ఉత్సవంలో రాత్రిపూట పాడాం. ముందు వరసలో ఇద్దరు లంబాడీ అమ్మాయిలు ఏడ్చారు. మిగతావాళ్లు ఎగిరారు. ఒకే పాటకు కొందరు ఏడవడం, కొందరు ఎగరడం చూసి నాకు ఏమనాలో తెలియలేదు. స్టేజి దిగాక నలుగురం చౌరస్తా దాకా నడిచిపోయి ఇడ్లీ తిన్నాం. అంత సంతోషం నాకు మళ్లీ రాలేదు. వీడియో యూట్యూబులో పెట్టినప్పుడు కింద బ్యాండు పేరు ఒక్కటే రాశాం. ఇంకేం రాయాలో ఎవరికీ తట్టలేదు.

2017లో హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కొత్తవాళ్ల పాటలతో ఒక ఆల్బం చేస్తున్నాడట, ఈ పాట కావాలట. అయితే కాగితం మీద రాసి పంపాలి: మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, వాద్యాలు ఎవరివి.

ఆ ఆదివారం ప్రాక్టీసు జరగలేదు. లీడ్ గిటారు అతను అన్నాడు, జనం నోట్లో ఉన్న బాణీ నాది కదా అని. నేనన్నాను, పాట పాడింది నేను, రాసింది నేను, నువ్వు నడుమ ఒక ముక్క వాయించినవ్ అని. డ్రమ్స్ అతను నవ్వుతూనే అన్నాడు, నా దెబ్బ లేకుంటే అది పాట కాదురా, ఏడుపు అని. నాకు ఎక్కడో తగిలింది. ఏడుపే మా పాట, మీకేం తెలుసు అన్నాను. తర్వాత ఇంకొక మాట అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "అది మా తండా పాట. మీదెట్లయితది?"

బేస్ అతను ఏమీ అనలేదు. తన గిటారు సంచిలో పెట్టుకొని, జిప్పు మెల్లగా లాగి, మెట్లు దిగి పోయాడు. గొడవపడ్డ ఇద్దరూ తర్వాత ఎప్పుడో ఒకసారి పలకరించారు గానీ, నోరు మెదపని ఆయనే మళ్లీ పలకలేదు.

ఆల్బం రాలేదు. ఫోన్ చేసినాయన కూడా మళ్లీ చేయలేదు. కానీ నేను ఆగలేదు. అదే పాటను గిటారుతో ఒక్కణ్ణే పాడి, కొత్తగా యూట్యూబులో పెట్టాను. కింద మూడు చోట్ల నా పేరు రాసుకున్నాను: రచన, స్వరం, గానం.

ఒంటరిగా పాడడం గురించి నిజం చెప్పాలంటే మొదటి ఆరు నెలలు బాగుంది. ఎవరినీ అడగనక్కర లేదు. గోర్ బోలీలో మొత్తం పాట పాడొచ్చు, నడుమ తెలుగు చరణం పెట్టు అనేవాళ్లు లేరు. సెకండ్ హ్యాండులో ఒక లూప్ పెడల్ కొన్నాను. కాలితో నొక్కితే మనం వాయించిన ముక్కను అదే తిప్పి తిప్పి వాయిస్తుంది, దాని మీద మనం ఇంకొకటి వాయించుకోవచ్చు. అంటే నలుగురి పని ఒక్కడే చేయడం. హనుమకొండలో రెస్టారెంట్లలో రాత్రికి 1,500 ఇచ్చేవాళ్లు. పెళ్లి రిసెప్షన్లకు కొంచెం ఎక్కువ, కానీ అక్కడ సినిమా పాటలే పాడాలి. సౌండ్ బాక్స్ నేనే మోసుకోవాలి, ఆటో బేరం నేనే ఆడాలి, డబ్బులు ఇవ్వకపోతే నేనే నిలబడి అడగాలి. బ్యాండులో మాట మరచిపోతే డ్రమ్స్ అతను ఒక దెబ్బ ఎక్కువ కొట్టి కప్పేసేవాడు. లూప్ పెడల్‌కు ఆ సంగతి తెలియదు. నేను తప్పు వాయిస్తే ఆ తప్పునే రాత్రంతా తిరిగి వినిపించేది.

ఆ రోజుల్లోనే చౌరస్తా అనే హైదరాబాదు బ్యాండు పాటలు ఫోన్లలో తిరగడం మొదలైంది. రామ్ మిరియాల గొంతు మొదటిసారి విన్నప్పుడు నాకు అసూయ కలిగింది. దాచడమెందుకు? ఊరు విడిచి పట్నం పోయేవాడి బాధను రెగే దరువు మీద, మన ఇళ్లలో మాట్లాడే తెలుగులో పాడితే జనం ఇంతగా వింటారని వాళ్లు చూపించారు. మేం నయీంనగర్ రూములో అనుకున్నది అదే. వాళ్లకు కుదిరింది, మాకు కుదరలేదు. 2020లో కరోనా జాగ్రత్తల మీద వాళ్లు కట్టిన పాట మా తండాలో కూడా ప్రతి ఫోనులో మోగింది.

ఆ తర్వాత రామ్ మిరియాల బ్యాండు దాటి తన పేరుతో వచ్చాడు. 2021లో జాతిరత్నాలు సినిమాలో చిట్టి పాట పాడాడు. 2022లో డీజే టిల్లు టైటిల్ పాటకు బాణీ కట్టిందీ, పాడిందీ తనే. 2024లో టిల్లు స్క్వేర్‌లోనూ అట్లాగే. ఒకరి బాణీకి గొంతు ఇవ్వడం, తన బాణీకి తన గొంతే ఇవ్వడం రెండూ చేస్తున్నాడు. నా విద్యార్థులు ఆయన్ను సినిమా పాటగాడనే అనుకుంటారు, బ్యాండు సంగతి చాలామందికి తెలియదు. నేను మాత్రం ఆయన సినిమా పాట విన్నప్పుడల్లా వెనక ఆ పాత బ్యాండు వాయింపును వెతుక్కుంటాను. ఒక్కోసారి దొరుకుతుంది కూడా.

రెగే అంటే గుర్తొచ్చింది. బాబ్ మార్లీ కూడా ఒంటరిగా మొదలుపెట్టలేదు. జమైకా దేశంలో కింగ్‌స్టన్ పేదల బస్తీలో 1963లో కొందరు కుర్రాళ్లు కలిసి వెయిలర్స్ అనే గుంపు కట్టారు. మార్లీ, పీటర్ టోష్, బన్నీ వెయిలర్ ముగ్గురూ పాడేవాళ్లే, ముగ్గురూ రాసేవాళ్లే. 1974 నాటికి టోష్, బన్నీ విడిపోయారు. ఆ తర్వాత అట్ట మీద పేరు బాబ్ మార్లీ అండ్ ద వెయిలర్స్ అని మారింది. ముగ్గురూ మంచి పాటలు చేశారు. కానీ లోకం టీ షర్టుల మీద ఒక్క ముఖమే ఉంది. ఒకరి పేరు ముందుకు వస్తే మిగతావాళ్లవి వెనక్కు పోతాయి, దానికి ఎవరూ కుట్ర చేయనక్కర లేదు.

2020 మార్చిలో అన్నీ మూతబడ్డాయి. రెస్టారెంట్లు లేవు, పెళ్లిళ్లు లేవు. గిటారు వీపున వేసుకొని తండాకు పోయాను. వేసవిలో యాడితో పాటు ఉపాధి హామీ పనికి పోయాను, చెరువు పూడిక తీయడానికి. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు మా చిన్నాన్న కొడుకు ఫోనులో నా పాట పెట్టాడు, గొప్పగా. ఆడవాళ్లు విన్నారు. అక్కడ ఒక ముసలామె ఉంది, మా నానీ పుట్టిన తండా నుంచే ఈ తండాకు కోడలుగా వచ్చింది. పాట అంతా విని, తలగుడ్డ సరిచేసుకొని, గోర్ బోలీలో నన్ను అడిగింది. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: "తడక మాట ఎవరిది రా?"

"మా నానీది" అన్నాను.

"మీ నానీది కాదు."

ఆమె చెప్పింది. వాళ్ల తండాలో ఒక పిల్ల ఉండేది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తండ్రి పోయిన మరునాటి నుంచి పొద్దున్నే దొడ్డి తడక తీసి పశువులను తోలింది ఆ పిల్లే. పెళ్లినాడు మెడ చుట్టూ చేతులు వేసి ఏడవడానికి తండ్రి లేడు. దొడ్డి దగ్గరికి పోయి, తడక పట్టుకొని, రేపు నిన్ను ఎవరు తీస్తారని ఏడ్చింది. పెళ్లికి వచ్చినవాళ్లంతా ఏడ్చారట. అక్కడే ఉన్న మా నానీ ఆ మాటను మనసులో పెట్టుకుంది.

"మీ నానీ ఎంతమందికి నేర్పిందో. కానీ నేర్పినప్పుడల్లా ఇది ఫలానా దాని మాట అని చెప్పే నేర్పేది. నువ్వు వినలేదా?"

నేను వినలేదు. నేను నిద్రపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జానపదం అంటే ఎవరిదీ కాదు, అందరిదీ అని మేం క్లాసులో చెప్తాం. పాఠంలో అట్లాగే ఉంటుంది. మా నానీకి చదువు రాదు, కానీ ఏ మాట ఎవరి కడుపులోంచి వచ్చిందో ఆమెకు లెక్క ఉంది. నేను డిగ్రీ చదివి, ఆ లెక్క కొట్టేసి, మూడు చోట్ల నా పేరు రాసుకున్నాను. పైగా నా దోస్తుల ముందు అది మా తండా పాట అన్నాను. తండాను కాగితం మీద ఎక్కడా రాయలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక డోర్నకల్ దగ్గర తండాకు పోయాను. ఆ పెళ్లికూతురికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చివర చెప్తాను. మాస్కు పెట్టుకొని వాకిట్లోనే కూర్చున్నాను. మొదట నేను ఒంటరిగా పాడిన వీడియో పెట్టాను. తల ఊపింది, ఏమీ అనలేదు. తర్వాత బ్యాండు వీడియో పెట్టాను. సగంలో చెయ్యి ఎత్తి ఆపమంది.

"ఈ దడదడ ఎవరు పెట్టిన్రు?"

కాజీపేట దోస్తు అని చెప్పాను. పెళ్లయ్యాక వాళ్లను డోర్నకల్ స్టేషను నుంచి రైల్లో తీసుకుపోయారట. రైలెక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఏడుపు ఆగిపోయి ఆ చప్పుడే వింటూ కూర్చుందట. "ఇదే బాగుంది. ఒట్టి గిటారుది బాగలేదు" అంది. తర్వాత డబ్బులు వచ్చాయా అని అడిగింది. లేదన్నాను. అయితే చాయ్ తాగి పొమ్మంది.

నా దెబ్బ లేకుంటే అది పాట కాదు అన్న మాటకు మూడేళ్లు కోపం పెట్టుకున్నాను. పాట అసలు సొంతదారు వాడి వైపు తీర్పు చెప్పింది. బస్సులో కూర్చొని వాడికి ఫోన్ చేశాను. ఎత్తాడు. ముందు ఇద్దరం కరోనా గురించే మాట్లాడుకున్నాం. అసలు సంగతి చెప్పేసరికి మానుకోట వచ్చేసింది.

పేరు పోతే ఏమవుతుందో చూడాలంటే ఆఫ్రికా దాకా పోవాలి. దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా అని ఒక జులూ గాయకుడు ఉండేవాడు. 1939లో జొహానెస్‌బర్గ్‌లో తన బృందంతో కలిసి ఎంబూబే అనే పాట రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. దానికి ఆయన చేతికి వచ్చింది పది షిల్లింగులు. అమెరికాలో ఆ పాటను ఒకరు మార్చి పాడారు, వాళ్లది ఇంకొకరు మార్చి పాడారు, లోకమంతా తిరిగింది. 1994లో లయన్ కింగ్ సినిమాలో కూడా వచ్చింది. లిండా 1962లోనే పేదవాడిగా పోయాడు. ఆయన కూతుళ్లు కోర్టుకు పోతే 2006లో రాజీ కుదిరి కొంత దక్కింది. మారుమూల జులూ పాట కదా, దానికి రాసినవాడు ఎవరుంటాడులే అని లోకం అనుకోవడం వల్లనే అంత కాలం పట్టింది. నేను తడక మాట గురించి అనుకున్నదీ అదే.

టీచర్లు ఈ పుస్తకం చదువుతారు కాబట్టి చట్టం గురించి నాలుగు ముక్కలు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం పాటలో మాటలు ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డింగు ఇంకొక హక్కు. మాటలు, బాణీ కట్టినవాళ్లకు బతికినన్నాళ్లూ, వాళ్లు పోయాక వారసులకు 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగుకు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ చేయిస్తేనే హక్కు వస్తుందని లేదు. రాసి, తేదీ వేసి పెట్టుకుంటే రేపు చూపించుకోవడానికి పనికొస్తుంది. 2012లో వచ్చిన సవరణ ముఖ్యమైనది: సినిమాకు రాసిన పాటను హాలు బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉండాలి, ఆ వాటా వదులుకున్నట్టు వాళ్ల చేత రాయించుకున్నా చెల్లదు. ఇట్లాంటి రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంఘం 1969 నుంచి ఉంది. మన పిల్లల్లో పాట రాసేవాళ్లున్నా ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. ఇంతా చెప్పి, తరాలుగా నోటి మీద వస్తున్న పాటకు ఈ చట్టంలో సొంతదారు లేడు. తడక పట్టుకొని ఏడ్చిన పిల్లకు అందులో చోటు లేదు. ఆ చోటు మనం ఇవ్వాల్సిందే, చట్టం ఇచ్చేదాకా ఆగితే ఆమె ఉండదు.

2023లో బలగం సినిమా వచ్చినప్పుడు ఊరు పల్లెటూరు పాట కింద పేర్లు చూశాను. నాకిప్పుడు అదొక అలవాటైంది, పాట కన్నా ముందు పేర్లు చదువుతాను. రాసింది కాసర్ల శ్యామ్, మా హనుమకొండ మనిషి. బాణీ భీమ్స్ సిసిరోలియోది, లంబాడీ కుటుంబం నుంచి వచ్చినవాడు. పాడింది మంగ్లీ, మా బంజారా ఆడబిడ్డ. ఆమెతో గొంతు కలిపింది రామ్ మిరియాల. ఆ పాట రచనకు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. అవార్డు ఒక్కరికే వస్తుంది, దాని పద్ధతి అది. పాట కింద మాత్రం నాలుగు పేర్లూ ఉన్నాయి, ఎవరి పని వారి పక్కన. మా నలుగురం ఆ ఆదివారం ఇంత చిన్న పని చేయలేకపోయాం.

నా ఒంటరి వీడియో తీసేశాను. 2021లో ఉద్యోగం వచ్చాక, కాజీపేటలో డ్రమ్స్ అతని ఇంట్లోనే ఆ పాటను మళ్లీ రికార్డు చేశాం. లీడ్ గిటారు అతను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాడు, తన ఆరు స్వరాలు వాయించి ఫైలు పంపాడు. ఒక మెసేజ్ కూడా పంపాడు, అది మా ఇద్దరి మధ్యే ఉండనీ. బేస్ అతనికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికి పోతే లేడన్నారు. బేస్ లేకుండానే ఉంది ఆ పాట. వినేవాళ్లకు తెలియకపోవచ్చు, మాకు తెలుస్తుంది. కింద ఆయన చోటు ఖాళీగా ఉంచాం.

ఇప్పుడు నేను బ్యాండులో ఉన్నానా, సోలోనా అంటే చెప్పడం కష్టం. ఏడాదికి రెండు పాటలు. ఒకటి నేను ఒక్కణ్ణే, ఒకటి కాజీపేటలో. ఢావ్లో లాంటి పాటకు తోడు పెట్టను. లేంగీ లాంటి పాటను ఒక్కణ్ణే పాడను. లూప్ పెడల్ అమ్మేశాను.

డోర్నకల్ ఆమె పేరు సంగతి. యూట్యూబులో పాట కింద మొదటి వరసలో ఆమె పేరే రాద్దామని అడగడానికి పోయాను. ఆమె చాలాసేపు ఆలోచించి, నా పేరు వద్దు, మా బా పేరు రాయి అంది. తండ్రి లేకపోవడం వల్లనే ఆ మాట పుట్టింది కదా. అందుకే అక్కడ ఒక మగమనిషి పేరు ఉంటుంది. ఆయన ఎప్పుడూ పాట పాడి ఉండడు. ఈయన ఎవరని కొందరు అడుగుతారు. అడిగినవాళ్లకు చెప్తాను.

పోయిన ఆదివారం ఆ నలుగురు పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం ఇచ్చాను. పాట పేరు, తేదీ, ఎవరు ఏం చేశారో రాయండి అన్నాను. మొదట కొట్టుకున్నారు, తర్వాత రాశారు. డప్పువాడు కీబోర్డువాడి పేరు కూడా తనే రాశాడు, స్పెల్లింగు తప్పుతో. సంతకాలు పెట్టారు. పాట మొదటి మాట దగ్గర మాత్రం ఆగిపోయారు. అది స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లవాడు వాళ్ల అవ్వ దగ్గర విన్న రేల పాటలోది. వాడిది తాడ్వాయి వైపు కోయ గూడెం.

"మీ అవ్వదేనా ఆ మాట?" అని అడిగాను.

వాడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. కాగితం మీద ఆ వరస వదిలేసి, ఇంటికి ఫోన్ చేసుకునే పిల్లల లైను వైపు ఉరికాడు. అప్పటికే లైనులో ముప్పై మంది ఉన్నారు.